శ్రీ సర్పంచ్ గారి భర్త గారి దివ్య సముఖమునకు

రోడ్డు మలుపులో, బస్ షెల్టర్ కనపడకుండా ఒక ఫ్లెక్సీ కట్టారు. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి కదా, ఆ సంబరం తాలూకుది. ఆ ఊరి సర్పంచ్ పదవి మహిళకు రిజర్వయింది. ఒక మహిళ నిలబడింది, గెలిచింది. ఫ్లెక్సీలో మాత్రం ఒక మగమనిషి నిలబడ్డాడు. ఆరడుగుల ఎత్తు, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, ఎదురుగా జనం పోటెత్తినట్టు గాల్లోకి లేచిన చెయ్యి. పైన గుండ్రాల్లో పార్టీ పెద్దల తలలు. కింద "శుభాకాంక్షలతో" అని ఇంకో రెండు వరసల తలలు, అన్నీ మీసాలున్నవే. "నూతన సర్పంచ్ గారి భర్త, పేదల పెన్నిధి, మా అన్నగారికి హార్దిక శుభాకాంక్షలు" అని ఎర్రక్షరాలు.

గెలిచినావిడ ఎక్కడుందా అని బస్సు వచ్చేదాకా వెతికాను. దొరికింది. ఎడమ పక్క అడుగున, ఫ్లెక్సీ కొట్టిన షాపు ఫోన్ నంబరుకు కాస్త పైన. ఆధార్ కార్డులోంచి కత్తిరించిన ఫొటో అనుకుంటా, తప్పు చేసి దొరికిపోయినట్టు చూస్తోంది. వెదురు కర్రకు ఫ్లెక్సీని బిగించిన మేకు సరిగ్గా ఆవిడ నుదుటి మీద దిగింది.

ఇలాంటివి చూసి కోప్పడేవాళ్ళు కొందరుంటారు. నేను ఆ బాపతు కాదు. చట్టమంటే గౌరవం ఉన్న మనిషిని గనుక ఇంటికెళ్ళి రాజ్యాంగం తీశాను. 73వ సవరణ, 243-డి అధికరణం. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. పంచాయతీల్లో మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు ఉండాలంది. ఉమ్మడి రాష్ట్రంలోనే అది సగానికి పెరిగింది, రెండు రాష్ట్రాలూ ఇప్పుడు ఆ సగమే పాటిస్తున్నాయి. అంతా బాగానే ఉంది. కానీ భర్త ఎక్కడ? పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. ఎస్సీలున్నారు, ఎస్టీలున్నారు, మహిళలున్నారు, వంతుల వారీగా తిప్పే పద్ధతి కూడా ఉంది. భర్త లేడు. దేశంలో లక్షల మంది నిష్ఠగా నిర్వహిస్తున్న పదవికి రాజ్యాంగంలో ఒక్క కామా అయినా కేటాయించలేదు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉంటుందా?

ఎందుకంటే ఆ పదవి అంత తేలిగ్గా రాదు. అయిదేళ్ళు కష్టపడాలి. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ వెళ్ళి కట్నం చదివించాలి, ప్రతి చావుకీ టెంటూ కుర్చీలూ పంపాలి, వినాయక చవితికి లడ్డూ పాట పాడాలి, కుర్రాళ్ళ క్రికెట్ టోర్నమెంటుకు కప్పు కొనివ్వాలి. ఇన్నీ చేసి, రేపో మాపో నామినేషన్ అనగా రిజర్వేషన్ల జాబితా వస్తుంది. "జనరల్ మహిళ." ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు. అనుచరులు అరుగు మీద తలలు పట్టుకుని కూర్చుంటారు. కలెక్టరాఫీసులో డ్రా ఎలా తీశారో ఎంక్వైరీ వేయించాలని ఒకరంటారు. ఇంతలో లోపలి నుంచి మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఒక మనిషి వస్తుంది. అందరూ తలెత్తి చూస్తారు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లోనే తిరుగుతున్న ఆ మనిషి వాళ్ళకు ఆ క్షణంలో మొదటిసారి కనపడుతుంది. "అన్నా, వదినున్నది కదనే!"

వదిన ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. లేనివాళ్ళ సంగతి ఆలోచించారా? ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లాలో 45 ఏళ్ళ పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. జన్మలో పెళ్ళి చేసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. 2015లో పోటీ చేసి కొద్దిలో ఓడిపోయాడు, 2021 కోసం ఊరి సేవలో తలమునకలుగా ఉన్నాడు. తీరా ఆ సీటు మహిళకు పోయింది. ఇంక ఆలోచించలేదు. ముహూర్తాలు లేని నెల అని కూడా చూడకుండా గుళ్ళో తాళి కట్టేశాడు. ప్రజాసేవ కోసం ఆస్తులు అమ్ముకున్నవాళ్ళ గురించి విన్నాం, జైలుకెళ్ళినవాళ్ళ గురించి విన్నాం. బ్రహ్మచర్యాన్నే ధారపోసిన త్యాగమూర్తిని మనం సరిగ్గా గుర్తించలేదని నా బాధ. పెళ్ళికూతురికి నామినేషన్ ముందు వేశారో, తలంబ్రాలు ముందు పోశారో నాకు తెలియదు గానీ పెళ్ళిచూపుల్లో ఏం అడిగి ఉంటారో ఊహించగలను. వంట వచ్చా అని అడిగి ఉండరు. ఓటరు లిస్టులో పేరుందా అని అడిగి ఉంటారు.

అయినా ఇదంతా పాత పద్ధతి. భార్యను నిలబెట్టడం, గెలిపించడం, ప్రమాణం చేయించడం, ఆ తర్వాత నెమ్మదిగా కుర్చీలో తాను కూర్చోవడం, బోలెడు టైము వేస్టు. దీన్ని సంస్కరించిన ఘనత ఛత్తీస్‌గఢ్‌ది. 2025 మార్చిలో కబీర్‌ధామ్ జిల్లా పరస్వారా పంచాయతీలో ఆరుగురు మహిళలు వార్డు మెంబర్లుగా గెలిచారు. ప్రమాణ స్వీకారం రోజున ఆ ఆరుగురి బదులు ఆరుగురు భర్తలు నిలబడి ప్రమాణం చేసేశారు. పంచాయతీ కార్యదర్శి చేయించాడు. వీడియో బయటికొచ్చింది, దేశమంతా చూసింది, కార్యదర్శి సస్పెండయ్యాడు. ఆ రాష్ట్ర పంచాయతీ శాఖ మంత్రి గారి సొంత నియోజకవర్గం ఉన్న జిల్లాయే అది, అన్నట్టు.

నాకు ఆ వీడియో చూసిన దగ్గర్నుంచి ఒకటే ధర్మసందేహం. ఆ ఆరుగురూ ఏ పేరుతో ప్రమాణం చేశారు? "ఫలానా అను నేను" అనాలి కదా. సొంత పేరు చెప్పారంటే, ఆ పేరు గల మనిషి ఎన్నికే కాలేదు. దారిన పోయేవాడు వచ్చి రాజ్యాంగానికి విధేయుడనని మైకులో చెప్పి పోయినట్టు లెక్క. సంతోషమే, విధేయత ఎవరు చూపినా మంచిదే. అలా కాక భార్య పేరు చెప్పారనుకోండి, అప్పుడు సంగతి గంభీరమవుతుంది. నలుగురి ముందు, సర్కారు మనిషి సాక్షిగా, దైవసాక్షిగా, తాను తన భార్యనని మగవాడు ఒప్పుకున్నాడు. చట్టప్రకారం ఆ నిమిషం నుంచి ఆయన ఆవిడే. మెళ్ళో దండ తీయకుండా ఇంటికెళ్ళి, పొయ్యి అంటించి, ఎనిమిది మందికి వండాలి. తెల్లారుజామున నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి, పశువుల కింద పేడ తీసి, బోరింగు దగ్గర వంతు పట్టుకోవాలి. పిల్లాడికి జ్వరమొస్తే చంకనెత్తుకుని పీహెచ్‌సీ ముందు ఎండలో నిలబడాలి. అత్తగారికి కాళ్ళు పిసకాలి. అంటే సొంత అమ్మకే, కానీ ఇప్పుడు కోడలి హోదాలో. పప్పులో ఉప్పు తక్కువైందని తన తమ్ముడి చేత తిట్టించుకోవాలి. రాత్రి తాగొచ్చి కొట్టేవాడు మాత్రం ఉండడు, ఎందుకంటే ఆ పాత్రధారి ఇప్పుడు భార్య వేషంలో ఉన్నాడు. ఆ ఒక్క పూట ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అసలావిడ ఎక్కడికి పోవాలంటారా? ఎవరో ఒకరు ఆయన కూడా అయితీరాలి కదా. రచ్చబండ మీద కూర్చుని పేకాడుకోమనండి.

ప్రమాణ స్వీకారానికే ఇంత చిక్కుంటే పరిపాలన సంగతి చెప్పక్కర్లేదు. మండల పరిషత్ మీటింగు ఎప్పుడైనా చూశారా? ఏ రాష్ట్రమైనా సరే, ఏ పార్టీ రోజులైనా సరే. ముందు వరస కుర్చీల్లో చొక్కాలు. "సర్పంచ్ గారూ, మీ ఊళ్ళో ట్యాంకు శుభ్రం చేయించారా?" అని ఎంపీడీఓ అడుగుతాడు. మీసం లేచి నిలబడి "చేయించినం సార్" అంటుంది. కరెంటు ఏఈ కూడా "సర్పంచ్ సాబ్" అంటాడు. వ్యవసాయాధికారి కూడా. మినిట్స్ పుస్తకంలో మాత్రం "సర్పంచ్ శ్రీమతి ఫలానా మాట్లాడుతూ" అని రాసుకుంటారు. ఒక మగగొంతు మాట్లాడుతుంటే ఆడపేరు రాసుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. మన గుమాస్తాలకు అవధాన విద్యలో పట్టాలివ్వాలి. శ్రీమతులు వెనక వరసలో గోడకానుకుని ఉంటారు, వచ్చి ఉంటే. హాజరు పుస్తకం వాళ్ళ దగ్గరికి వస్తుంది. సంతకం పెడతారు. పుస్తకం వెళ్ళిపోతుంది. టీ వస్తుంది.

భర్త గారికి ఒంట్లో బాగోలేదనుకోండి, తమ్ముణ్ణి పంపుతాడు. "అన్నకు జ్వరం సార్, సర్పంచ్ తరఫున నేనొచ్చిన." ప్రతినిధికి ప్రతినిధి. తమ్ముడికి కూడా పనుంటే బామ్మర్ది వస్తాడు. బామ్మర్ది కూడా దొరక్కపోతే డ్రైవరు. ప్రజలు ఓటేసిన మనిషి గుండ్రాయిలా ఇంట్లో ఉంటుంది. ఆవిడకు జ్వరం రాలేదు, పంటినొప్పి లేదు, చెయ్యి విరగలేదు, ఆవిడను తప్ప ఊళ్ళో అందర్నీ పంపుతారు. పొరపాటున ఒకనాడు ఆవిడే ఒంటరిగా బస్సెక్కి మండలాఫీసుకు వెళ్ళిందనుకోండి, గేటు దగ్గర అటెండరు ఆపుతాడు, మర్యాదగానే. "అమ్మా, పింఛన్ల సెక్షన్ అటు."

ఇక అసలు అధికారం. ఊరి సొమ్ము ఖర్చు పెట్టాలంటే ఈరోజుల్లో డిజిటల్ సంతకం కావాలి. బొటనవేలంత డాంగిల్. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చితే సర్పంచ్ సంతకం పడినట్టు. ఆ డాంగిల్ ఆవిడ పేరు మీద, ఆవిడ ఆధార్ మీద ఇచ్చారు. ఉండేది ఎక్కడంటే ఆయన బుల్లెట్ బండి తాళాల గుత్తిలో, ట్రాక్టరు తాళానికీ వేంకటేశ్వరస్వామి బిళ్ళకూ మధ్యన. ఓటీపీ వచ్చేది ఆయన ఫోనుకు. ఆవిడ చేతి వేలు ఎక్కడైనా అవసరమైతే ఇంకా ఉందేమో గానీ, మనిషి అవసరం మాత్రం టెక్నాలజీ పూర్తిగా తీర్చేసింది. స్త్రీ సాధికారతను ఇంత చిన్న వస్తువులో ఇమిడ్చిన శాస్త్రవేత్తలకు జోహార్లు.

స్విట్జర్లాండ్ వాళ్ళు ఈ విషయంలో మనకంటే వెనకబడి ఉన్నారని చెప్పడానికి గర్విస్తున్నాను. అక్కడ అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అని చిన్న రాష్ట్రం. ఏటా ఊరి చౌకులో మగవాళ్ళంతా చేరి చేతులెత్తి చట్టాలు చేసుకునేవాళ్ళు. ఓటు హక్కుకు రుజువేమిటంటే నడుముకు వేలాడే కత్తి. దేశమంతటా ఆడవాళ్ళకు ఓటొచ్చిందే 1971లో అయితే, ఈ కత్తుల పెద్దమనుషులు 1990 ఏప్రిల్‌లో కూడా మా ఊరి ఓటు ఆడవాళ్ళకివ్వం పొమ్మన్నారు. ఆ నవంబరులో సుప్రీం కోర్టు మెడలు వంచితే తప్ప దారికి రాలేదు. పాపం అమాయకులు. ఓటు ఇవ్వననడమెందుకు, గొడవెందుకు? ఓటిచ్చి, సీటిచ్చి, గెలిపించి, దండేసి, డాంగిల్ తీసుకుంటే సరిపోయేది కదా. మన దగ్గరికి ఒక బృందాన్ని పంపి ఉంటే కత్తులు దించకుండానే నేర్చుకునేవాళ్ళు.

మన ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయని అనుకోకండి. 2015లోనే, జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవం నాడు ప్రధానమంత్రే ఈ "సర్పంచ్ పతి" సంస్కృతి పోవాలన్నారు. చప్పట్లు కొట్టారు. చప్పట్లలో సర్పంచ్ పతులవి ఎన్నో లెక్క తీయలేదు. 2023లో ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీం కోర్టుకెక్కింది. అది ప్రభుత్వం చూసుకోవాల్సిన పనంది కోర్టు. ప్రభుత్వం కమిటీ వేసింది. 2025లో కమిటీ నివేదిక ఇచ్చింది. నివేదికలో మంచి మాటలే ఉన్నాయి: తప్పు చేసినవాళ్ళకు గట్టి శిక్షలుండాలని, మహిళలు గ్రామసభలో అందరి ముందూ ప్రమాణం చేయాలని, ఫిర్యాదు చేసుకోవడానికి దారి ఉండాలని. అక్కడితో ఆగితే మనవాళ్ళెందుకవుతారు? కృత్రిమ మేధతో స్థానిక భాషల్లో సలహాలిప్పించాలన్నారు. వర్చువల్ రియాలిటీలో శిక్షణ ఇవ్వాలన్నారు.

అంటే, కళ్ళకు ఆ పెద్ద అద్దాల డబ్బా కట్టుకుని మన సర్పంచమ్మ గాల్లో చేతులు ఆడిస్తూ ఒక ఊహాలోకపు గ్రామసభను నడుపుతుందన్నమాట. అందులో అందరూ ఆవిడ మాట వింటారు. కార్యదర్శి ఫైలు ఆవిడ చేతికే ఇస్తాడు. కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఆవిడ వెళ్ళి కూర్చుంటుంది. ఎదురుగా అసలైన కుర్చీలో ఆవిడ మొగుడు కూర్చుని "ఇంకెంతసేపే, అన్నానికి వేళయితాంది" అంటూ ఉంటాడు. ఆ మొగుణ్ణి ఆ కుర్చీలోంచి లేపడానికి అద్దాలు ఎందుకండీ? ఎంపీడీఓకు నోరుంటే చాలు. "మీరెవరు? బయటికి దయచేయండి." మూడు మాటలు. కరెంటు కూడా అక్కర్లేదు.

ఇక్కడ భర్తల తరఫు వకీళ్ళు లేస్తారని తెలుసు. "ఆమెకేం తెలుసండీ? చదువు లేదు, లోకజ్ఞానం లేదు, నలుగురిలో నోరు పెగలదు." నిజమే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళకు కూడా ఏమీ తెలియదు. అక్షరాలు దిద్దుకోవడానికి రాత్రి బడికి వెళ్ళినవాళ్ళు, 1992లో ఊళ్ళో సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి అది రాష్ట్రమంతా అంటుకుని 1993లో సర్కారు చేత సారా నిషేధం పెట్టించింది. ఆ ఉద్యమంలో భర్తలు వాళ్ళకు ప్రాతినిధ్యం వహించలేకపోయారు, కారణం మీకు తెలిసిందే. కొట్టు దగ్గర వేరే పని మీద ఉన్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామ సర్పంచ్ ఫాతిమా బీకి కూడా చదువు లేదు. పొదుపు సంఘాల ఆడవాళ్ళను కూడగట్టుకుని ఊరి పనులు చేయించుకుంది. 1998లో పేదరికంపై పోరాటానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే అవార్డు ఆవిడకొచ్చింది, న్యూయార్క్ వెళ్ళి అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ చేతుల మీదుగా తీసుకుంది. కాల్వ నుంచి న్యూయార్క్ దాకా వెళ్ళగలిగిన మనిషిని చూశాక కూడా మన ఊరావిడ మండలాఫీసు దాకా వెళ్ళలేదంటే, బస్సు లేకైనా అయ్యుండాలి, పోనివ్వకైనా అయ్యుండాలి.

పశ్చిమ బెంగాల్ బీర్‌భూం జిల్లాలో, రాజస్థాన్ ఉదయ్‌పూర్‌లో ఆర్థికవేత్తలు ఊరూరూ తిరిగి లెక్కలు తీశారు, తర్వాత నోబెల్ తీసుకున్న ఎస్తేర్ డుఫ్లో అందులో ఒకరు. పంచాయతీకి ఆడమనిషి పెద్దగా ఉన్నచోట మంచినీళ్ళకు ఎక్కువ ఖర్చు పెట్టారు. దీనికి పరిశోధన కావాలా అని మీరడగొచ్చు. బిందె ఎవరు మోస్తారో వాళ్ళకు నల్లా గుర్తుంటుంది. ఇంకో సంగతి తేలింది అక్కడే. రెండు దఫాలు మహిళా ప్రధాన్‌లను, అంటే అక్కడి సర్పంచ్‌లను, చూసిన ఊళ్ళలో అమ్మాయిల చదువు అబ్బాయిల చదువుతో సమానమైంది. తల్లిదండ్రులు కూతుళ్ళ గురించి కనే కలలు మారాయి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరూ సైకిళ్ళు పంచలేదు. కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంటే ఆ ఊరి ఆడపిల్ల చూసింది, అంతే.

ఆ పిల్ల మన ఊళ్ళో ఏం చూస్తోంది? గోడ మీద బోర్డులో అమ్మ పేరు, కుర్చీలో నాన్న. పదేళ్ళ పిల్లకు ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా పాఠం చెప్పగలరా? నువ్వు చదువు, పోటీ చెయ్యి, గెలువు, ఊరంతా నీకు ఓటేస్తుంది, ఆ తర్వాత వంటింట్లోకి పద.

ఈ భర్త ప్రాతినిధ్యం నిజంగా అంత గొప్ప ఏర్పాటైతే, భార్యల బరువు మోయడానికి మగవాళ్ళకు అంత ఆత్రమే ఉంటే, ఇంకో చోట కూడా చూపించొచ్చు కదా. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి తీసుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆ కత్తి కిందికి వెళ్ళారు, దేశంలోనే ఎక్కువ. మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతానికి కూడా అందలేదు. ఆడవాళ్ళకు కడుపు కోయాలి. మగవాళ్ళకు పది నిమిషాల పని, సాయంత్రానికి నడిచి ఇంటికి పోవచ్చు. ఇద్దరు పిల్లల్ని కన్న ఒంటి మీదే మళ్ళీ కోత పెడుతుంటే, ఆ ఆసుపత్రి బయట టీ కొట్టు దగ్గర కూర్చున్న మహానుభావులారా, అక్కడెందుకు లేవలేదు మీరు? "మా ఆవిడ తరఫున నేనొచ్చిన డాక్టరమ్మా, నాకు చెయ్యి" అని ఒక్కడు అన్నాడా? అక్కడ ఫ్లెక్సీ ఎందుకు కట్టలేదు? ఉపాధి పనిలో మట్టి తట్ట దగ్గర, డ్వాక్రా వాయిదా కట్టాల్సిన రోజు బ్యాంకు ముందు, రేషన్ క్యూలో, ఎక్కడా ఆవిడకు ప్రతినిధి లేడు. ఎక్కడ కుర్చీ ఉందో అక్కడ మాత్రమే నీకు భార్య మీద అంత ప్రేమ. ఎక్కడ కోత ఉందో అక్కడ ఆవిడ స్వయంప్రతిపత్తి గల స్వతంత్ర మహిళ. సిగ్గుండాలి.

కుర్చీ అన్నాను గనుక చెప్తున్నాను. 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలిని మీటింగుల్లో నేల మీద కూర్చోబెట్టారు. మిగతావాళ్ళు కుర్చీల్లో, ఆవిడ కింద. ఆ ఫొటో బయటికొచ్చాకే కేసు పెట్టారు. అదే ఏడాది తిరువళ్ళూరు జిల్లాలో ఇంకో దళిత అధ్యక్షురాలిని ఆగస్టు 15న జెండా ఎగరెయ్యనివ్వలేదు. సర్పంచ్ మొగుడి కథలో కనీసం నవ్వుకోవడానికి కాస్త చోటుంది. ఇక్కడ అదీ లేదు. ఆ జెండా తాడు పట్టుకోవడానికి ఆవిడకు ఓట్లు సరిపోయాయి, కులం సరిపోలేదు. మొగుడు లాక్కున్న కుర్చీని చూసి నవ్వే మనం, ఊరు మొత్తం కలిసి లాక్కున్న కుర్చీ దగ్గర ఏ మొహం పెట్టుకుని నిలబడతాం?

సరే, మళ్ళీ దారికొస్తాను. సీడా అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది, ఆడవాళ్ళ మీద అన్ని రకాల వివక్షలనూ రూపుమాపుతామని ఐక్యరాజ్యసమితిలో 1979లో చేసుకున్నది. దాని ఏడో అధికరణం ప్రకారం ప్రభుత్వంలో ఏ స్థాయిలోనైనా పదవి చేపట్టే హక్కు, ఆ పదవి తాలూకు పనులన్నీ చేసే హక్కు మహిళలకుంది. భారతదేశం దీన్ని ధ్రువీకరించింది 1993 జులైలో, మన పంచాయతీ సవరణ అమల్లోకొచ్చిన మూడో నెలకే. ఒకే ఏడాది ఢిల్లీలోనూ మాటిచ్చాం, న్యూయార్క్‌లోనూ మాటిచ్చాం. ఇప్పుడు దేశంలో ఎన్నికైన మహిళా ప్రతినిధులు 14 లక్షలకు పైనే, మొత్తంలో 46 శాతం దాకా. అంతర్జాతీయ సభల్లో ఈ అంకె చెప్పినప్పుడు హాలంతా చప్పట్లతో మారుమోగుతుంది. చెప్పుకోవాల్సిన అంకే. అందులో నిజంగా పనిచేస్తున్న ఆడవాళ్ళు బోలెడు మంది ఉన్నారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో, ఊరివాళ్ళతో, ఆఫీసుల్లో అటెండర్లతో రోజూ కొట్లాడుతూ. వాళ్ళకు ఏ అద్దాల డబ్బా లేదు.

2023 సెప్టెంబరులో లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ మూడో వంతు సీట్లు మహిళలకంటూ చట్టం చేశారు. లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. జనగణన కావాలి, నియోజకవర్గాలు మళ్ళీ గీయాలి, ఆ తర్వాతే అమలు. ఆలస్యమెందుకని చాలామంది గింజుకున్నారు గానీ నాకు కారణం అర్థమైంది. ఎమ్మెల్యే గారి భర్త, ఎంపీ గారి భర్త అనే రెండు కొత్త హోదాలకు మనుషుల్ని తయారు చేయడానికి కాస్త గడువు కావాలి కదా. పంచాయతీల్లో ముప్పై ఏళ్ళు అనుభవం సంపాదించినవాళ్ళున్నారు, ప్రమోషన్ ఇస్తే సరిపోతుంది.

కాబట్టి శ్రీ సర్పంచ్ గారి భర్త గారికి సవినయంగా చేసుకునే మనవి. ఫ్లెక్సీ మీదే, మలుపూ మీదే, చొక్కా మీదే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, లేదా మీకు ముందే తెలుసు. మీరు ఆ డాంగిల్ గుచ్చి కట్టించిన మురిక్కాలువ కాగితం మీద ఒక పొడవూ నేల మీద ఇంకో పొడవూ ఉంటుంది. వీధి దీపాల బిల్లులో ఉన్నన్ని దీపాలు స్తంభాల మీద ఉండవు. ఏదో ఒకనాడు ఆడిట్‌వాళ్ళు టేపు పట్టుకుని వస్తారు. ఆ తర్వాత ఒక కవరు వస్తుంది. అందులో రాసే పేరు మీది కాదు. ఆ మొత్తం కట్టమని, కట్టకపోతే పదవి పోతుందని, కేసవుతుందని రాసే మనిషి పేరు ఆ ఎడమ మూల మేకు కింద ఉన్నావిడది. ఏ కాలువో, ఎన్ని దీపాలో, ఎక్కడ సంతకం పడిందో ఆవిడకు తెలియదు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి కవరు అందుకుంటుంది. ఇటు తిప్పి, అటు తిప్పి మీ వైపు చూస్తుంది. ఆఫీసరు కూడా అలవాటు కొద్దీ మీ వైపే తిరుగుతాడు.

అప్పుడు మీరు, పదవీకాలం మొత్తంలో మొదటిసారి, ఆ మాట అంటారు.

"నన్నడుగుతరేంది సార్? సర్పంచ్ ఆమె. ఆమెతోని మాట్లాడుకోండ్రి."